ముందు తాగుడు మానేసి రండి

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు. మన జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్యుల దగ్గరికి వచ్చే ఎన్నో ఇళ్ల పోలికలు ఇందులో ఉన్నాయి. ఆయన టైల్స్ మేస్త్రీ. నలభై ఏళ్లుంటాయి. మూడేళ్ల కింద తమ్ముడు బండి ప్రమాదంలో పోయాడు. అప్పట్నుంచి నిద్ర సరిగా లేదు, పనిమీద మనసు లేదు, పిల్లలు పలకరిస్తే విసుగు. నిద్ర కోసమని రాత్రిపూట మొదలుపెట్టిన క్వార్టరు ఏడాది తిరిగేసరికి పొద్దుటికి పాకింది. ఇప్పుడు లేవగానే చెయ్యి వణుకుతుంది. ఒక గుక్క పడితే గానీ రసమట్టం పట్టుకోలేడు. జేబులో డబ్బు లేక తాగని రోజున రాత్రికి చెమటలు, గుండెదడ, గోడమీద ఏవో పాకుతున్నట్టు కనిపించడం. ఒకనాడు, "నేను లేకపోతే మీకు అప్పుల బాధయినా తప్పుతుంది" అన్నాడు. ఆ మాట విన్నాక భార్య ఇక ఆగలేదు.

పెద్దాసుపత్రి మానసిక విభాగానికి తీసుకెళ్లింది. అక్కడ వాసన పసిగట్టిన డాక్టరు, "ముందు తాగుడు మాన్పించి తీసుకురామ్మా. తాగే మనిషికి దిగులు మాత్రలు రాసి లాభం లేదు" అన్నాడు. ఆమె అప్పు చేసి ఒక డీ-అడిక్షన్ సెంటరులో చేర్చింది. నాలుగో రోజున సెంటరు నుంచి ఫోను: "రాత్రంతా ఏడుస్తున్నాడు, ఎవరో పిలుస్తున్నారంటున్నాడు. ఇది తాగుడు కేసు కాదమ్మా, మెంటల్ కేసు. ముందు అక్కడ చూపించి, బాగయ్యాక తీసుకురండి." రెండుచోట్లా ఆమెకు దొరికింది ఒకే సలహా: ఆ రెండోది తగ్గించుకుని రమ్మని. ఇప్పుడు ఆమె సంచిలో రెండు ఫైళ్లున్నాయి. ఒకదానిలో రాసింది రెండోదానిలో లేదు.

ఆ సలహా చెప్పినవాళ్లు చెడ్డవాళ్లు కారు. తమకు నేర్పిన పద్ధతిలోనే చెప్పారు. వైద్యవిద్యలో చాలాకాలం చలామణీ అయిన పద్ధతే అది. కానీ దానికి శాస్త్రాధారం ఏనాడూ బలంగా లేదు. గత నలభై ఏళ్ల పరిశోధన ఉన్న కాస్త ఆధారాన్నీ తీసేసింది. వ్యసనమూ మానసిక రుగ్మతా ఒకే మనిషిలో కలిసి ఉన్నప్పుడు రెండింటికీ ఒకేసారి, ఒకేచోట, వీలైతే ఒకే బృందం వైద్యం చెయ్యాలి. అది ఎందుకో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందుగా, ఇవి ఎంత తరచుగా కలిసివస్తాయి? ఈ ప్రశ్నకు మొదటి పెద్ద సమాధానం అమెరికా నుంచి వచ్చింది. 1980ల్లో అక్కడ ఐదు ప్రాంతాల్లో ఇరవై వేల మందికి పైగా ప్రజలను ఇంటర్వ్యూలు చేసి, ఫలితాలను 1990లో ప్రచురించారు. జీవితంలో ఎప్పుడైనా మానసిక రుగ్మత వచ్చినవారిలో 29 శాతం మందికి మద్యమో మాదకద్రవ్యమో సమస్యగా మారింది. లేని మాటలు వినిపించి, అనుమానాలు ముదిరే స్కిజోఫ్రేనియా ఉన్నవారిలో ఆ లెక్క 47 శాతం. ఉత్సాహం, కుంగుబాటు అలల్లా వచ్చిపోయే బైపోలార్ రుగ్మతలో 56 శాతం. ఇటునుంచి చూసినా, తాగుడు జబ్బుగా మారినవారిలో 37 శాతం మందికి మరో మానసిక రుగ్మత కూడా ఉంది. రెండూ కలిసి రావడమన్నది ఎక్కడో అరుదుగా కనిపించే విడ్డూరం కాదు. ఏ మానసిక వైద్యుడి ఓపీలోనైనా రోజూ ఎదురయ్యే సంగతి.

మన దేశం సంగతికొస్తే, ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2019లో వెలువడ్డాయి. మద్యం వల్ల హాని పడుతున్నవారు, దానికి బానిసలైనవారు కలిసి దాదాపు 5.7 కోట్ల మంది. బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక వైద్యం అందినది ఒక్కరికే. ఆ ఒక్కరికి అందిన వైద్యం కూడా సగానికే అయితే ఆ ఇంటికి మిగిలేదేమిటి?

ఇన్ని కోట్ల మందికి సంబంధించిన జబ్బులకు రెండు వేర్వేరు ద్వారాలు ఎలా ఏర్పడ్డాయో చెప్పుకోవాలి. 1935లో అమెరికాలోని అక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలిచి తాగుడు మానారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. డాక్టర్లు చేతులెత్తేసిన కాలంలో లక్షల మందిని నిలబెట్టిన ఉద్యమం అది. దానికి చెయ్యెత్తి నమస్కరించాల్సిందే. అయితే ఆ సమూహాల్లో కొన్నిచోట్ల మాత్రలంటేనే అనుమానం పాతుకుపోయింది. కుంగుబాటుకు మాత్ర వేసుకున్నా ఇంకా మత్తులోనే ఉన్నావన్నారు. విచారమేమిటంటే, తాగుడు మానేశాక కూడా బిల్ విల్సన్ తానే ఏళ్ల తరబడి తీవ్రమైన కుంగుబాటుతో బాధపడ్డాడు. చివరికి ఆ సంస్థే, సభ్యులెవరూ సాటి సభ్యుల మందుల విషయంలో డాక్టరు అవతారం ఎత్తవద్దని కరపత్రం వేసింది.

తాగుడుకూ మానసిక జబ్బుకూ మధ్య గీసిన ఆ గీతనే ప్రభుత్వాలూ గట్టి చేశాయి. అమెరికాలో మానసిక ఆరోగ్యానికి ఒక జాతీయ సంస్థ, మద్యానికి మరొకటి, మాదకద్రవ్యాలకు ఇంకొకటి. మన దగ్గర డీ-అడిక్షన్ కేంద్రాలకు నిధులిచ్చేది ప్రధానంగా సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నడిపేది ఆరోగ్య శాఖ. ఫోను నంబర్లు కూడా రెండు: మత్తు మానడానికి 14446, మానసిక సమస్యకు టెలీ-మానస్ 14416. మన మేస్త్రీ భార్య ఏ నంబరు నొక్కాలి? చట్టం మాత్రం ఈ గీతను చెరిపేసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రుగ్మతను నిర్వచిస్తూ, మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా అందులోనే చేర్చింది. చట్టం కలిపినదాన్ని ఆఫీసులు ఇంకా విడదీసే ఉంచాయి.

ఇక మెదడులోకి వెళ్దాం. అసలు కథ అక్కడే ఉంది.

మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రసాయనాల్లో గాబా, గ్లుటమేట్ ముఖ్యమైనవి. గాబా కణాలను నెమ్మదింపజేస్తుంది. గ్లుటమేట్ ఉత్తేజపరుస్తుంది. మద్యం గాబా పనిని పెంచి, గ్లుటమేట్ పనిని అణిచేస్తుంది. అందుకే రెండు పెగ్గులకు భయం తగ్గుతుంది, ఒళ్లు సడలుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. కానీ మెదడు ఊరుకోదు. రోజూ బయటినుంచి ఇంత మత్తు వచ్చిపడుతుంటే, దానికి సరితూగేలా తన గాబా గ్రాహకాలను మందగింపజేసుకుంటుంది, గ్లుటమేట్ గ్రాహకాలను పెంచుకుంటుంది. ఆ స్థితిలో మద్యం ఒక్కసారిగా ఆగిపోతే మిగిలేది పట్టపగ్గాల్లేని ఉత్తేజం. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో చేతుల వణుకు, చెమటలు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి తీవ్రమైన మతిభ్రమణం: లేని పురుగులు పాకుతాయి, చనిపోయినవాళ్లు పిలుస్తారు, తానెక్కడున్నాడో తెలియదు. జ్వరం, విపరీతమైన గుండెవేగంతో ప్రాణం మీదికి వస్తుంది. సెంటరులో నాలుగో రోజున మన మేస్త్రీకి జరిగింది బహుశా ఇదే. దాన్ని "మెంటల్ కేసు" అని బయటికి పంపడమంటే అత్యవసర వైద్యం కావలసిన మనిషిని బస్సెక్కించడం.

అదే కాలంలో మెదడులో ఇంకో మార్పు జరుగుతుంది. దాన్ని వివరించడంలో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ కూబ్ పని ముఖ్యమైనది. మొదట్లో మద్యం డోపమైన్‌ను విడుదల చేసి హాయినిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ హాయి తగ్గిపోతుంది. భయం, ఆందోళనలను నడిపే అమిగ్డలా ప్రాంతంలో ఒత్తిడి రసాయనాలు పెరుగుతాయి. ఇక మనిషి తాగేది సుఖం కోసం కాదు, తాగకపోతే కలిగే బాధ నుంచి తప్పుకోవడానికి. ఆ బాధను దగ్గరగా చూస్తే అది కుంగుబాటులాగే ఉంటుంది: ఏదీ రుచించదు, దేనిమీదా ఆశ ఉండదు, చిన్న మాటకే చిరాకు. కుంగుబాటు దెబ్బతీసే నాడీమార్గాలూ వ్యసనం దెబ్బతీసే మార్గాలూ చాలామటుకు ఒకటే కాబట్టి ఈ పోలిక యాదృచ్ఛికం కాదు.

మరి ముందు వచ్చింది ఏది, తాగుడా దిగులా? విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టుండే ఈ ప్రశ్నకు మూడు జవాబులున్నాయి. మూడూ నిజమే.

ఒకటి, దిగులు ముందు. హార్వర్డ్ మానసిక వైద్యుడు ఎడ్వర్డ్ ఖాంట్జియాన్ 1985లో దీన్ని సిద్ధాంతంగా చెప్పాడు. మనిషి తన లోపలి బాధకు తానే మందు వెతుక్కుంటాడని, ఏ మత్తును ఎంచుకుంటాడన్నది కూడా ఆ బాధ రకాన్నిబట్టి ఉంటుందని ఆయన వాదన. రెండు, తాగుడు ముందు. 1988లో బ్రౌన్, షకిట్ అనే పరిశోధకులు తాగుడు మానడానికి ఆసుపత్రిలో చేరిన మగవాళ్లను వారం వారం పరీక్షించారు. చేరినప్పుడు 42 శాతం మందిలో చెప్పుకోదగ్గ కుంగుబాటు ఉంది. నాలుగు వారాలు తాగకుండా ఉన్నాక అది 6 శాతానికి పడిపోయింది. అంటే చాలామందిలో ఆ దిగులు మద్యమే తెచ్చిపెట్టినది. మూడు, రెండింటికీ వేరు ఒకటే. కుటుంబంలో వచ్చే జన్యువులు, చిన్నప్పటి దెబ్బలు రెండింటికీ దారితీస్తాయి. 1998లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, బాల్యంలో హింస, నిరాదరణ వంటి చేదు అనుభవాలు నాలుగు రకాలు లేదా అంతకంటే ఎక్కువ ఎదుర్కొన్నవారికి తాగుడు, మత్తు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఉన్నట్టు తేలింది.

"ముందు తాగుడు మానేసి రండి" అనే వాళ్లు ఆసరా తెచ్చుకునేది ఆ 42, 6 లెక్కనే. మానితే దిగులు దానంతటదే పోతుంది కదా అంటారు. ఆ లెక్కను పూర్తిగా చదవాలి. ఆ నాలుగు వారాలూ వాళ్లు ఆసుపత్రిలో, నర్సుల కనుసన్నల్లో ఉన్నారు. ఇంటికి పంపేసి "నెల తర్వాత రా" అంటే వచ్చిన ఫలితం కాదది. పైగా ఆ మిగిలిన 6 శాతం మంది ఎవరు? ఎవరో ముందుగా తెలియదు. నాలుగు వారాల తర్వాత కూడా చూస్తూ ఉన్నవాళ్లకే తెలుస్తుంది. కుంగుబాటు అని ఖాయంగా పేరు పెట్టడానికి కొన్ని వారాలు ఆగడం మంచి వైద్యం. ఆ వారాల్లో రోగిని వదిలేయడం వైద్యమే కాదు. పైగా తాగుడూ కుంగుబాటూ కలిసి ఉన్నప్పుడు ఆత్మహత్య ముప్పు బాగా పెరుగుతుంది. "నేను లేకపోతే" అన్న మనిషిని నెల ఆగమనగలమా?

తెలంగాణ పల్లెలకు, హైదరాబాద్ బస్తీలకు తెలిసిన ఒక అనుభవం ఈ ముడిని చాలా స్పష్టంగా చూపిస్తుంది. చెట్టు నుంచి దించిన కల్లు సంగతి వేరు. డిమాండుకు తగినంత కల్లు దొరకనిచోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలామ్ వంటి మత్తు రసాయనాలు కలిపి అమ్మే కల్తీ కల్లు వేరు. డైజిపామ్, అల్ప్రాజోలామ్ నిజానికి ఆందోళనకు, నిద్రకు డాక్టర్లు జాగ్రత్తగా రాసే మందులు. అవి పనిచేసేదీ ఆ గాబా గ్రాహకాల మీదే. కల్లు తాగుతున్నానని అనుకునే కూలీ ఏళ్ల తరబడి, తనకు తెలియకుండానే, లెక్కాపత్రం లేని మోతాదులో నిద్రమాత్రలు మింగుతున్నాడన్నమాట. ఎక్సైజ్ దాడులు జరిగి దుకాణం మూతపడితే రెండు మూడు రోజుల్లో ఊరంతా తేడా కనిపిస్తుంది. ఒకరు పిచ్చిచూపులు చూస్తారు, ఒకరు నాలుక కరుచుకుని పడిపోతారు, ఒకామె లేని మనుషులతో గొడవపడుతుంది. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు, వైన్ షాపులు ఒక్కపెట్టున మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు బారులు తీరారు.

వాళ్లకు వచ్చింది వ్యసనమా, మానసిక రుగ్మతా? ఓపీ గుమ్మంలో ఈ ప్రశ్న వేసుకుంటూ కూర్చుంటే ప్రాణం పోతుంది. అక్కడ చేయాల్సింది తెలిసిన పనే: అదే గాబా మీద పనిచేసే మందును సరైన మోతాదులో ఇచ్చి రోజురోజుకూ మెల్లగా తగ్గించడం, ఫిట్స్ రాకుండా చూడటం, బాగా తాగేవాళ్లలో తరచూ లోపించే థయామిన్ విటమిన్‌ను గ్లూకోజ్ ఎక్కించడానికి ముందే ఇంజెక్షన్‌గా ఇవ్వడం. ఆ విటమిన్ అందకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. మత్తు దిగి, తల తేటపడిన తర్వాత మళ్లీ కూర్చుని మాట్లాడాలి. కొందరిలో అప్పటికి ఏ మానసిక లక్షణమూ మిగలదు. కొందరిలో ఏళ్లనాటి ఆందోళన, ఇన్నాళ్లూ కల్లు కప్పిపెట్టినది, ఇప్పుడే బయటికొస్తుంది. ఆ రెండో రకం మనిషిని "మత్తు దిగింది, ఇంటికెళ్లు" అని పంపేస్తే నేరుగా దుకాణానికే వెళ్తాడు.

రెండు జబ్బులకూ ఇద్దరు వేర్వేరు డాక్టర్లు ఒకరికొకరు తెలియకుండా మందులు రాస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. నన్ను ఎక్కువ కలవరపెట్టే భాగం ఇదే.

స్కిజోఫ్రేనియా ముదిరినప్పుడు, వేరే మందులు పనిచేయనప్పుడు, క్లోజపిన్ అనే మందు వాడతారు. ఆ రోగుల్లో చాలామంది విపరీతంగా బీడీలు, సిగరెట్లు తాగుతారు. పొగలోని తారు రసాయనాలు కాలేయంలో ఒక ఎంజైమును ఎక్కువగా పనిచేయిస్తాయి. ఆ ఎంజైము క్లోజపిన్‌ను త్వరగా కరిగించేస్తుంది. కాబట్టి బీడీలు తాగే రోగికి మందు ఎక్కువ మోతాదులో కావాలి. ఇప్పుడు అతన్ని బీడీ ముట్టనివ్వని సెంటరులో చేర్చారనుకోండి. వారం తిరిగేసరికి ఎంజైము మామూలు స్థాయికి వస్తుంది. మాత్ర అదే, రక్తంలో మందు మాత్రం సగానికి సగం, ఒక్కొక్కరిలో అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. మనిషి మగతగా పడి ఉంటాడు, చొంగ కారుతుంది, ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది. "బీడీ మానేశాక నీరసపడ్డాడు" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. బీడీ మాన్పించిన డాక్టరుకు క్లోజపిన్ సంగతీ, క్లోజపిన్ రాసిన డాక్టరుకు బీడీ సంగతీ తెలిసి ఉంటే మోతాదు తగ్గిస్తే సరిపోయేది. ఇక్కడ ఇంకో విషయం: మానసిక రోగులు పొగ మాన్పించే మందులు వాడితే జబ్బు తిరగబెడుతుందన్న భయం డాక్టర్లలో కూడా ఉండేది. 2016లో ఎనిమిది వేల మందికి పైగా పొగతాగేవాళ్లపై, అందులో సగం మంది మానసిక రుగ్మతలున్నవారిపై, జరిగిన ఈగల్స్ అనే పరీక్షలో పొగ మాన్పించే మందులు చెప్పుకోదగ్గంతగా మానసిక లక్షణాలను పెంచలేదని తేలింది.

ఇలా తెలియకుండా జరిగే రెండో ప్రమాదం మన ఇళ్లలో బాగా తెలిసినది. భర్తకు తెలియకుండా కూరలోనో చాయ్‌లోనో కలిపే "తాగుడు మాన్పించే పొడి". వాటిలో వాడే మందుల్లో పాతది డైసల్ఫిరామ్. 1940ల్లో డెన్మార్క్‌లో హాల్డ్, జాకబ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీని గుణాన్ని గుర్తించారు. ఇది ఒంట్లో ఉండగా మద్యం తాగితే విషపదార్థమైన అసిటాల్డిహైడ్ పేరుకుపోయి మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులు, బీపీ పడిపోవడం. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకునేవారికి ఇది ఉపయోగపడే మందే. తెలియక తాగినవాడికి ప్రాణాపాయం. అంతేకాదు, మెదడులో డోపమైన్‌ను మార్చే ఒక ఎంజైమునూ ఇది ఆపుతుంది. దానివల్ల డోపమైన్ పెరిగి, లోపల అనుమానపు జబ్బు దాగి ఉన్న మనిషిలో అది పైకి రావచ్చు. తనకు తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారని అప్పటికే అనుమానించే మనిషికి నిజంగానే కలిపిపెట్టడం ఎంత దారుణమో వేరే చెప్పాలా? అక్కాచెల్లెళ్లారా, ఎంత విసిగిపోయి ఆ పని చేస్తారో నాకు తెలుసు. దయచేసి చేయకండి.

కలిపి వైద్యం చేయడమంటే ఏమిటో ఇక చూద్దాం. అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మత్‌లో మానసిక వైద్యుడు రాబర్ట్ డ్రేక్ బృందం 1980ల చివరి నుంచి దీన్ని పద్ధతి ప్రకారం నిర్మించింది. తీవ్రమైన మానసిక రుగ్మతా వ్యసనమూ రెండూ ఉన్న మనిషి బాధ్యతను ఒకే బృందం తీసుకుంటుంది. ఒకే ఫైలు. మానసిక వైద్యుడు, నర్సు, వ్యసనం గురించి తెలిసిన కౌన్సెలర్, ఉద్యోగం ఇప్పించడంలో సాయపడే మనిషి, ఇల్లు చూసిపెట్టే మనిషి. రోగి రాకపోతే వాళ్లే వెళ్తారు. 1989లో ఆషర్, కోఫోడ్ అనే పరిశోధకులు చెప్పిన నాలుగు దశల ప్రకారం పని నడుస్తుంది: దగ్గరవడం, మానాలన్న కోరిక కలిగించడం, మానడానికి తోడ్పడటం, మళ్లీ జారకుండా చూసుకోవడం. మొదటి రెండు దశల్లో తాగుడు మానాలన్న షరతే ఉండదు. మానాలన్న కోరికే లేని మనిషిని మానేసి రమ్మనడం వల్ల జరిగేది ఒకటే, అతను మళ్లీ రాడు.

రెండో దశలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన సంభాషణ పద్ధతి ఇది. మన మేస్త్రీ ముందు ఒక కౌన్సెలర్ కూర్చుంది అనుకుందాం.

"తాగితే ఏం బాగుంటుందన్నా?"

ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న. ఆయన కాసేపు నేలచూపులు చూస్తాడు. "నిద్ర పడ్తది మేడం. తమ్ముడు యాదికి రాడు."

"తెల్లవార్లూ పడుతుందా?"

"లేదు. మూడింటికి మెలకువొస్తది. ఇగ అప్పుడు వాడే కండ్లముందుంటడు."

"అంటే మరిచిపోదామని తాగితే, మూడింటికి ఇంకా గట్టిగా గుర్తొస్తున్నాడు."

"...అంతే మేడం."

ఉపదేశం లేదు, బెదిరింపు లేదు, పిల్లల మీద ఒట్టు లేదు. ఆయన తన నోటితోనే రెండు జబ్బుల ముడిని చెప్పాడు. మద్యం నిద్ర పుచ్చుతుంది గానీ, దాని ప్రభావం దిగేకొద్దీ రాత్రి రెండో సగంలో నిద్ర చెదిరిపోతుంది. ఆ మూడింటి మెలకువకు కారణం మద్యమే. ఇక వైద్యం మాట ఎత్తవచ్చు: నిద్రకు మద్యం కంటే మంచి దారి ఉందనీ, తమ్ముడి గురించి మాట్లాడదామనీ. ఆ ఒక్క సంభాషణలో దిగులుకూ తాగుడుకూ ఒకేసారి వైద్యం మొదలైంది.

ఫలితాల సంగతి. స్కిజోఫ్రేనియా, వ్యసనం రెండూ ఉన్న 130 మందిని డ్రేక్ బృందం పదేళ్లపాటు గమనించి 2006లో ప్రచురించింది. పదేళ్ల తర్వాత దాదాపు 63 శాతం మందికి జబ్బు లక్షణాలు అదుపులో ఉన్నాయి. దాదాపు అంతే మంది మత్తు నుంచి కోలుకునే దారిలో ఉన్నారు. 57 శాతం మంది సొంతంగా బతుకుతున్నారు. 41 శాతం మంది అందరిలాగే పోటీపడి సంపాదించుకున్న ఉద్యోగాల్లో ఉన్నారు. "వీళ్లింతే" అని వదిలేసిన మనుషులు వీళ్లు.

మందుల విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. 2010లో హెలెన్ పెటినాటి అనే పరిశోధకురాలి బృందం కుంగుబాటూ తాగుడూ రెండూ ఉన్న 170 మందిని నాలుగు గుంపులు చేసి పరీక్షించింది. కుంగుబాటుకు సెర్ట్రలిన్ మాత్రమే తీసుకున్నవారిలో 28 శాతం మంది, తాగాలన్న కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్రమే తీసుకున్నవారిలో 21 శాతం మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 23 శాతం మంది తాగకుండా ఉండగలిగారు. రెండు మందులూ కలిపి తీసుకున్నవారిలో 54 శాతం. విడివిడిగా ఇచ్చినప్పుడు ఉత్తుత్తి మాత్రకూ అసలు మందుకూ పెద్ద తేడా లేదు. కలిపినప్పుడే తేడా వచ్చింది. చిన్న పరీక్షే అయినా ఈ అధ్యాయం మొత్తంలో నేను గుర్తుపెట్టుకోమనే లెక్క ఇదొక్కటే.

ఇంకో పాత భయం ఉండేది. దారుణమైన అనుభవాల గాయం ఉన్న మనిషిని ఆ జ్ఞాపకం గురించి మాట్లాడిస్తే తట్టుకోలేక మళ్లీ మత్తులోకి వెళ్తాడని. 2012లో ఆస్ట్రేలియాలో 103 మందిపై జరిగిన పరీక్షలో, మత్తు వాడకానికీ గాయపు జ్ఞాపకాలకూ కలిపి వైద్యం చేస్తే జ్ఞాపకాల బాధ తగ్గింది, మత్తు పెరగలేదు.

ప్రతికూలంగా వచ్చినదాన్నీ దాచకూడదు. తీవ్ర మానసిక రుగ్మత, వ్యసనం ఉన్నవారికి ఇచ్చే కౌన్సెలింగ్ తరహా చికిత్సలపై 41 పరీక్షలను, వైద్య రుజువులను తూచి చూసే కాక్రేన్ సంస్థ సమీక్షకులు 2019లో కలిపి చూశారు. మామూలు వైద్యం కంటే ఫలానా పద్ధతి కచ్చితంగా మేలని చెప్పేంత నాణ్యమైన రుజువు దొరకలేదన్నారు. దీన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను: ఏ పద్ధతిలో కలపాలన్నది ఇంకా తేలలేదు. కానీ రోగిని ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిప్పడం మంచిదని ఆ 41లో ఏ ఒక్కటీ చెప్పలేదు.

గంజాయి గురించి రెండు మాటలు. మన కాలేజీ పిల్లల్లో అది హాని లేనిదన్న నమ్మకం బలంగా ఉంది. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45,570 మంది యువకులను 15 ఏళ్లు గమనించి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, గంజాయి యాభైసార్లకు మించి వాడినవారిలో స్కిజోఫ్రేనియా ఆరు రెట్లు కనిపించింది. కుర్రవాడు గంజాయి తాగి అనుమానాలు పడుతుంటే, "గంజాయి మానితే అదే పోతుంది" అని ఆగవద్దు. పోవచ్చు, పోకపోవచ్చు. మొదటి వారంలోనే మానసిక వైద్యుడికి చూపించాలి.

ఇంత పెద్ద బృందాలు మన మండల కేంద్రాల్లో ఎక్కణ్నుంచి వస్తాయని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ సహచరులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లతో ఒకే కార్యక్రమం కింద తాగుడుకూ కుంగుబాటుకూ సంక్షిప్త చికిత్సలు చేయించారు. 2017లో వచ్చిన ఫలితాల్లో, హాని కలిగేంతగా తాగే మగవాళ్లలో 36 శాతం మంది మూడు నెలల్లో ఆ స్థితి నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం పొందినవారిలో 26 శాతం. తీవ్రమైన కుంగుబాటులో అయితే 64, 39 శాతాలు. మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఉన్నచోట ఇది చేయలేని పని కాదు. తాగుడు గురించి అడిగే ఆ మనిషే, ఆ కూర్చున్నచోటే, "నిద్ర ఎలా ఉంది, బతకాలనిపించడం లేదా" అని కూడా అడగాలి. కావలసింది శిక్షణ, ఒక ఫైలు, అవసరమైనప్పుడు ఫోనులో దొరికే ఒక మానసిక వైద్యుడు.

ఈ పేజీలు చదువుతున్న మీ ఇంట్లోనో వీధిలోనో ఇలాంటి మనిషి ఉంటే, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రెండూ చెప్పండి. డాక్టరు తిడతాడని తాగుడు దాచకండి, పరువు పోతుందని మతి తప్పిన రాత్రులు దాచకండి. వేసుకునే ప్రతి మాత్ర, తాగే ప్రతి బీడీ చెప్పండి. రోజూ తాగే మనిషిని ఇంట్లో గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం చేయకండి. సెంటరులో చేర్చే ముందు మానసిక వైద్యుడు ఎన్ని రోజులకోసారి వస్తాడో అడగండి. రాడంటే అక్కడ చేర్చకండి. చావు మాట నోట వస్తే ఆ రోజే 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, తాగి ఉన్నా సరే చేయండి. "ముందు మానేసి రండి" అని ఎవరైనా అంటే, మా మనిషికి రెండూ ఉన్నాయి, రెండింటికీ ఇవాళే చూడండి అని గట్టిగా అడగండి. అలా అడిగే హక్కు 2017 చట్టం మీకు ఇచ్చింది.